ఆషాఢంలో పుట్టింటికెళ్ళిన గొల్లభామ

ఆ రోజుల్లో ఇంట్లో ఒక ప్రాణిని పెంచుతున్నామంటే దానివల్ల పాలో, గుడ్లో, ఎరువో, కనీసం రాత్రిపూట నాలుగు మొరుగులో దక్కాలి. ఉత్తగా చూసుకుని మురవడానికి పెంచుకోవడమనేది మా దిక్కు ఎవరికీ తోచని సంగతి. ఇప్పుడు సూర్యాపేటలో మా ఇంటి వరండాలో కూర్చుని మనవరాలు ఫోన్లో చూపిస్తుంది. ఎవరో గాజు పెట్టెల్లో గొల్లభామలను పెంచుతున్నారట, వాటికి పేర్లు పెడుతున్నారట, పుట్టినరోజులు కూడా చేస్తున్నారట. "తాతా, సూడు ఎంత ముద్దుగుందో" అంటుంది. నేను తాపీగా కళ్ళజోడు సర్దుకుని, "మిర్యాలగూడల వెయ్యి గొల్లభామలను సాదినోన్ని బిడ్డా నేను" అంటాను. వెంటనే వంటింట్లోంచి మా ఆవిడ దగ్గుతుంది. అది జలుబుతో వచ్చే దగ్గు కాదు, నా లెక్కలు సరిచేసే దగ్గు. కాబట్టి మీకు ముందే చెప్పేస్తున్నాను. వెయ్యి కాదు, ఒక వంద. (మళ్ళీ దగ్గు.) సరే, మొదలుపెట్టినప్పుడు రెండు. ఆ రెండూ నావి కావు, ఆమెవి.

గొల్లభామ అందరికీ తెలిసిందే గాని, చెట్టూ చేమా లేని చోట పెరిగినవాళ్ళ కోసం చెబుతాను. పచ్చి గడ్డిపరకకు ప్రాణం వచ్చినట్టుంటుంది. వేలెడు పొడుగు, మూడు మూలల ముఖం, ఆ ముఖానికి మించిన కళ్ళు. ముందుకాళ్ళు రెండూ మడిచి ఎప్పుడూ ఎవరికో దండం పెడుతున్నట్టు నిలబడుతుంది. మనం కుడికి జరిగితే తల కుడికి తిప్పి చూస్తుంది, ఎడమకు జరిగితే ఎడమకు. సంబంధం చూడవచ్చిన పెద్దమనిషిలాగా అట్లా మెడ తిప్పి మనిషిని ఎగాదిగా చూసే పురుగును నేను ఇంకోటి చూడలేదు. అందుకే దాని దగ్గర కొంచెం జాగ్రత్తగా మసిలేవాణ్ణి. (జాగ్రత్త అని రాశాను గాని, భయం. బొద్దింక కనబడితే మంచమెక్కే రకం నేను.)

అప్పుడు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాను. మాది వాడపల్లి పక్కన గొర్రెలు కాసుకునే ఇల్లు. నేను నాలుగక్షరాలు చదివి మిల్లులో చేరితే, నాకు వండిపెట్టడానికని నాయనమ్మ మందనూ ఊరినీ వదిలి నాతోపాటు కిరాయి ఇంట్లో దిగింది. మిల్లులో నన్ను పేరుపెట్టి ఎవరూ పిలిచేవారు కాదు, 'కోతల గుమాస్తా' అనేవారు. ఎందుకన్నది ఇప్పటికే మీకు తెలిసిపోయి ఉంటుంది. ఆ ఎండాకాలంలోనే నాకు కోదాడ అమ్మాయితో పెళ్ళయింది. మామయ్యకు అక్కడ పెద్దరోడ్డు మీద ఇనుప సామాన్ల కొట్టు. మనిషి కూడా తాను అమ్మే సరుకులాగే ఉండేవాడు, గట్టిగా, చల్లగా, మోగిస్తే తప్ప మోగకుండా.

కొత్త కాపురానికి సామాను దిగినప్పుడు బీరువా వచ్చింది, గిన్నెలు వచ్చాయి, పరుపు వచ్చింది, వాటన్నిటి తర్వాత దోమల జాలీ కొట్టిన ఒక చెక్కపెట్టె వచ్చింది. దాన్ని మాత్రం పెళ్ళికూతురు ఎవరి చేతికీ ఇవ్వలేదు, ఒళ్ళో పెట్టుకునే వచ్చింది. అందులో రెండు గొల్లభామలు, ఒక ఆడది, ఒక మగది. ఆమె డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ గోడ పక్కన ఎండుకొమ్మకు అంటుకుని గట్టిపడిన నురగముద్దలాంటిది కనబడితే, ఏమిటో చూద్దామని ఇంటికి తెచ్చిందట. కొన్నాళ్ళకు అందులోంచి పిల్లలు బిలబిలా రాలాయట. అప్పటినుంచి తరం తర్వాత తరం మేడమీద గదిలో సాకుతూ వచ్చింది. ఆ ఏడాది ఎండలు ఎంత ముదిరాయంటే ఈ రెండూ తప్ప అన్నీ రాలిపోయాయి. "ఈ జంట గుడ్లు పెట్టకపోతే ఇన్నేళ్ళ నా సంసారం ఇక్కడితో ఆగిపోయినట్టేనండీ" అంది. పెళ్ళయి నెల కూడా కాని భార్య అట్లా అంటే ఏ మొగుడైనా ఏమంటాడు? నేను ఇంకో నాలుగు మెట్లు ఎక్కువే ఎక్కి, చిన్నప్పుడు మూసీ ఒడ్డున త్రాచుపాము తోక పట్టి గిరగిరా తిప్పినవాణ్ణని, పురుగులు నాకొక లెక్కా అని చెప్పాను. (మూసీ ఒడ్డు వరకు నిజం.)

ఇంతలో ఆషాఢం వచ్చిపడింది. కొత్త పెళ్ళికూతురు ఆ నెల పుట్టింట్లో ఉండాలి, అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదు అన్న నియమం మీకు తెలిసిందే. ఆ నియమం పెట్టిన మహానుభావుడికి అప్పటికే పెళ్ళయి చాలా ఏళ్ళయి ఉంటుందని నా అనుమానం. దానికి తోడు మామయ్య ఇంకో కబురు పంపాడు: అమ్మాయి రావచ్చు, ఆ పురుగులు మాత్రం మళ్ళీ ఈ ఇంటి గడప తొక్కకూడదు, పెళ్ళయ్యాక కూడా ఏమిటా పిచ్చి అని. ఆమె వెళ్ళే ముందురోజు నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది. రెండింటినీ వేరువేరు సీసాల్లో పెట్టాలి. ప్రాణమున్న పురుగునే తింటాయి, కదలని దాన్ని ముట్టవు. సీసా గోడమీద నీళ్ళు చిలకరిస్తే ఆ బొట్లే తాగుతాయి. ఆడదాని పొట్ట కాస్త నిండుగా కనబడ్డాక, కడుపునిండా మేపి, అప్పుడు రెండింటినీ పెద్దపెట్టెలో వదలాలి. ఆకలిమీద ఉంటే అది మగదాన్నే తినేస్తుంది. ఈ చివరి ముక్క ఆమె పొయ్యిమీద పాలు చూడండి అన్నంత మామూలుగా చెప్పింది. "నేను శ్రావణంలో వచ్చేసరికి కొమ్మకు గుడ్ల గూడు ఉండాలి. లేకపోతే ఏమీ అననులెండి" అని బస్సెక్కింది. ఆ 'ఏమీ అనను' అన్న మాటకు నాకు నిద్ర పట్టలేదు.

మేత విషయంలో మాత్రం దేవుడు నన్ను సరైన కొలువులో పెట్టాడు. రైస్ మిల్లులో సాయంత్రం బల్బు వేస్తే చాలు, తవుడు గదిలోంచి రెక్కల పురుగులు మబ్బులాగా లేచేవి. నేను పౌడర్ డబ్బా పట్టుకుని బల్బు కింద ఎగురుతుంటే హమాలీలు బస్తాలు దించి మరీ చూసేవారు. "గుమాస్తా సారు పెండ్లాం లేక పురుగులతోని ఆడుకుంటుండు" అని ఒకడంటే, "ఆషాఢం గదరా, ఏం జేస్తడు" అని ఇంకొకడు. షావుకారు మాత్రం నేను ఆయన తవుడు కాపాడుతున్నాననుకుని, పొద్దుగూకినా పని వదలనివాణ్ణని నలుగురిలో మెచ్చుకున్నాడు. నేను వినయంగా తలవంచుకున్నాను.

ఇంట్లో నాయనమ్మకు ఆ సీసాలతో పొసగలేదు. వెలుతురు బాగుంటుందని వంటింటి కిటికీలో పెట్టాను. వారం దాటాక ఒకనాడు నన్ను పిలిచి, "ఓరి పోరగా, గివ్విటిని గీడ నుంచి తియ్యి. నేను పప్పు వండుతుంటె దండం పెట్టుకుంట నిలబడ్డయి. ఏమియ్యకపోతె పాపమనిపిస్తది, ఇస్తె తినయి" అంది. అప్పటికే వాటికి అన్నం మెతుకులు, బెల్లం ముక్క, ఒకరోజు పచ్చిపులుసు కూడా నైవేద్యమయ్యాయట. అంతే, ఆమె అన్నది అంతే. దయచేసి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆ వచ్చే ఆదివారం ఆ మాట నా నోట్లో ఎట్లా పెరిగిందో చెప్పబోతున్నాను.

భార్యను చూడక అప్పటికి యుగాలైనట్టుంది. (పన్నెండు రోజులు.) వంటింట్లోంచి తీసిన ఆడదాని సీసా చేతిలో ఉంది, ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే, దీన్ని కోదాడలోనే పెడితే ఎట్లుంటది అని ఒక ఆలోచన మెరిసింది. సీసా మూతికి నాయనమ్మ పాత చీరగుడ్డ కట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. హుజూర్‌నగర్ దాటేసరికి బస్సంతా నా చుట్టూ మూగింది, కండక్టరు దీనికి అర టికెట్టు కొట్టాలా వద్దా అని డ్రైవరును అడిగాడు, డ్రైవరు బస్సాపి మరీ వచ్చి దండం పెట్టాడు. (పక్కసీటు ముసలావిడ ఒకసారి చూసి, ముక్కు చీదుకుని అటు తిరిగింది. అంతకుమించి ఏమీ జరగలేదు.)

మామయ్య అరుగుమీదే ఉన్నాడు. నన్ను చూసి లేచాడు, సీసాను చూసి మళ్ళీ కూర్చున్నాడు. ఆయన కనుబొమల మధ్య గీత పడింది. నేను వీధిలోనే, గడపకు మర్యాదగా నాలుగడుగుల దూరంలో నిలబడి, దారి పొడుగునా మనసులో తిప్పుకున్న మాట అప్పజెప్పాను. "మా నాయనమ్మ పట్టుబట్టి పంపింది మామయ్యా. కొత్త కోడలు పుట్టింటికి పోయిన ఇంట్ల, ఈడొచ్చిన ఏ జంట గూడ ఆషాఢంల ఒక్క కప్పు కింద ఉండొద్దట. ఆడదాన్ని దాని పుట్టింటికి తోలాలె అన్నది. దీని పుట్టిల్లు మీ ఇల్లే గదా."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. కోదాడవాళ్ళకు మా మిర్యాలగూడ వైపు ఆచారాలంటే కాస్త అనుమానం, కాస్త భయం. అటు ఏమేం ఉంటాయో ఎవరికి తెలుసు, పెద్దవాళ్ళ మాట తోసేస్తే ఏమవుతుందో అన్న లెక్క ఆయన ముఖంలో కనబడుతూనే ఉంది. "మరి మీ గొర్రెల్ని ఏం చేస్తారు అల్లుడూ?" అని అడిగాడు. కొట్టు నడిపే మనిషి గదా, సరుకు తట్టి చూడకుండా తీసుకోడు. పొట్టేళ్ళను విడిగా కట్టేస్తామని చెప్పాను. ఆ మాట సగం నిజం కావడంతో మిగతాదంతా నిజమై కూర్చుంది. ఆయన లోపలికి తిరిగి అత్తయ్యను పిలిచి, "కుంకుమ పట్టుకురా, ఆడబిడ్డ వచ్చింది" అన్నాడు. గొల్లభామలు గడప తొక్కకూడదన్న ఆ నోటితోనే. అత్తయ్య గడపకు లోపల నిలబడి, మామయ్య అందించిన సీసాకు బొట్టుపెట్టింది. లోపలిది మెడ తిప్పి ఆమెను చూసి చేతులు మడిచింది. "ఎంత అణకువో చూడండి" అని అత్తయ్య మురిసిపోయింది. ఆమె భుజం వెనకాల మా ఆవిడ చీర చెంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

పెరటిగోడ దగ్గర ఆమెను రెండు నిమిషాలు చూడగలిగాను, దానికోసమే గదా ఇదంతా. నాయనమ్మ నిజంగా అన్నదేమిటో చెప్పాను. ఆమె నవ్వీ నవ్వీ బట్టలుతికే బండమీద కూలబడింది. చేతులకు గోరింటాకు ఎర్రగా పండి ఉంది. నవ్వు ఆగాక ఒక్కసారిగా ముఖం మారింది.

"అయ్యో, మగది ఎక్కడుందండీ?"

"మిర్యాలగూడల, అల్మార మీద. మంచిగనే ఉంది."

"మంచిగా ఉండటం కాదు, దానికి రోజులు తక్కువ. శ్రావణం దాకా ఆగదు. ఈ రెండూ ఇప్పుడే కలవాలి."

అయితే ఆ సీసా తిరిగి ఇచ్చెయ్యమన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డను ఆషాఢం దాటకుండా వాళ్ళ నాన్న పంపడు, ఆచారమంటే ఆచారమే. నేను కట్టిన ముడి నా మెడకే బిగిసింది. నిజం చెప్పేద్దామా అంటే, కొత్తల్లుడు గడప ముందు నిలబడి నాయనమ్మ పేరుతో కోతలు కోశాడని తెలిస్తే మామయ్య ముందు నా బతుకేమవుతుంది? ఆమె నన్నే చూస్తూ ఒక్క మాటంది. "ఎట్లా తెస్తారో నాకు తెలీదు. అది బతికుండగా తీసుకురండి." అంతకుముందు ఆమె గొంతులో నేనెప్పుడూ అట్లాంటి బతిమాలింపు వినలేదు.

మరుసటి ఆదివారం మగదాన్ని పౌడర్ డబ్బాలో వేసుకుని దిగాను. సన్నగా, పుల్లలాగా ఉండేది, ఆ వారంలో ఇంకా చిక్కింది, మేత వేస్తే అందుకోవడానికి కూడా బద్ధకించింది. రాజమార్గాన వెళ్దామని మొదట అరుగు దగ్గరికే వెళ్ళాను. మామయ్య డబ్బా వైపు చూసి, విషయం విని, కొలతబద్దలాంటి వేలు ఒకటి అడ్డంగా ఊపాడు. "తప్పు అల్లుడూ. ఆషాఢంలో అల్లుడు అత్తారింటికి రాకూడదు. మీ నాయనమ్మగారి మాటే గదా ఇది. నువ్వే బయట నిలబడ్డావు, దాన్నెట్లా లోపలికి పంపుతావు?" ఆయన మాటలో వీసమెత్తు తప్పులేదు. నేను కోసిన కోత నాకే ఇంత పదునుగా తగలడం అదే మొదటిసారి.

చుట్టూ తిరిగి పెరటిగోడ దగ్గరికి వెళ్ళాను. ఆమె అవతల నిలబడి ఉంది. డబ్బా మూత నొక్కుకుపోయి రాలేదు. గట్టిగా లాగితే ఒక్కసారిగా ఊడి, గొల్లభామ నా అరచేతిమీద పడింది. అప్పటిదాకా గాజు అడ్డం లేకుండా నేను దాన్ని తాకలేదు. ముళ్ళున్న ఆ కాళ్ళు చర్మం పట్టుకున్నాయి. నా చెయ్యి వాన నీళ్ళలో తడిసిన కుక్కపిల్లలాగా వణికింది. విదిలించేస్తే అవతల మురిక్కాలువ, ఆమె తరాలన్నీ అందులోకే. "కదలొద్దు. వేలు ముందుకు చాపండి, అంతే" అంది. చాపాను. గోడమీదుగా ఆమె గోరింటాకు వేలు వచ్చి నా వేలికి ఆనింది. అది అటొకసారి ఇటొకసారి మెడ తిప్పి, నెమ్మదిగా, ఒక్కో కాలు చూసి చూసి వేసుకుంటూ, ఆ వేలిమీదికి నడిచి వెళ్ళింది. పులిని పట్టినంత పని అయింది నాకు. (ఈ ఒక్క వాక్యం నేను తగ్గించను.)

ఆమె దాన్ని మందారమొక్క మీద, ముందే సీసాలోంచి తీసి పెట్టిన ఆడదాని పక్కన వదిలింది. ఆడది కడుపునిండి ఉందనే ఆమె ధైర్యం. ఎందుకంటే రోజూ మేడమీద మేత పట్టి వాళ్ళమ్మ చేతికిచ్చేది. కానీ అత్తయ్య ఇంటికొచ్చిన ఆడబిడ్డకు పురుగులు పెట్టడానికి మనసొప్పక, వాటిని కిటికీలోంచి వదిలేసి, దానికి పరమాన్నమూ అరటిపండు గుజ్జూ పెడుతూ వచ్చిందని మాకెవరికి తెలుసు? మగది నెమ్మదిగా వెనకనుంచి ఎక్కింది. మేమిద్దరం గోడకు చెరోవైపు ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. అంతా సవ్యంగా సాగుతున్నట్టే ఉంది. ఆమె ముఖం విప్పారింది. సరిగ్గా అప్పుడే మామయ్య కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చాడు, ఆయన వెనకే చెంబుతో అత్తయ్య. అందరి కళ్ళూ ఒకేసారి మందారం మీద పడ్డాయి. ఆడది మెడ వెనక్కి తిప్పింది, వీపుమీదున్న తన అల్లుడుగారిని ఎగాదిగా చూసింది, ఆ అణకువగల చేతులు విప్పింది, ఆయన తల పట్టుకుని జొన్నకంకి ఒలిచి తిన్నట్టు తినడం మొదలుపెట్టింది.

మామయ్య చెయ్యి తనకు తెలియకుండానే తన మెడమీదికి వెళ్ళింది. అత్తయ్య చెంబులోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కాసేపటికి ఆమె తలెత్తి, గోడమీద నుంచి కనబడుతున్న నా తలను చూసి, ఎంతో ఆప్యాయంగా అంది:

"అల్లుడుగారూ, మీరింక బస్సెక్కండి నాయనా."

నేను బస్సెక్కాను. ఆ తర్వాత మామయ్య కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ మేకులతోపాటు ఈ కథ కూడా కట్టి ఇచ్చాడట. ఆ ఏడు కోదాడ కొత్తల్లుళ్ళెవరూ ఆషాఢంలో ఊరి పొలిమేర తొక్కలేదు. (వాళ్ళ సందులో ఒకడు రాలేదు. వాడికి సెలవు దొరకలేదని తర్వాత తెలిసింది.) నాకు మాత్రం ఇంకో దిగులు పట్టుకుంది. మగది పోయేముందు తన పని పూర్తిచేసిందో లేదో ఎవరికీ తెలియదు. గూడు కట్టినా, అది వట్టి గూడే కావచ్చునని ఆమె ముందే చెప్పింది.

శ్రావణం రాగానే మామయ్య స్వయంగా కూతుర్ని వెంటబెట్టుకుని మిర్యాలగూడ వచ్చాడు. చలిమిడి వచ్చింది, అరిసెలు వచ్చాయి, వాటితోపాటు తడిగుడ్డ చుట్టిన ఒక మందారపు కొమ్మ వచ్చింది. దానికి గోధుమరంగు నురగముద్ద అంటుకుని ఉంది. దాన్ని చూసి నేను సంతోషించేలోపే మామయ్య కుర్చీలోంచి లేచి, మా నాయనమ్మకు చేతులు జోడించాడు. ఎప్పుడూ నాలుగు మాటలకు మించని మనిషి అప్పుడే మాట్లాడాలా?

"అమ్మా, ఆషాఢం గురించి మీరు చెప్పి పంపిన మాట అక్షరాలా నిజమైంది. మా కళ్ళముందే జరిగింది."

నాయనమ్మ ఆయన్ను చూసింది, తర్వాత నన్ను చూసింది. నేను పైకప్పు పెంకులు ఎన్ని పగిలాయో చూస్తున్నాను. "ఏ మాట బిడ్డా? నేను దినాం మస్తు మాటలు చెప్త" అంది. ఆయన మొత్తం చెప్పాడు, గొల్లభామల జంటను ఆషాఢంలో విడదీయాలన్న నియమం, ఆడదాన్ని పుట్టింటికి పంపడం, మాట మీరి వచ్చిన అల్లుడి తల పోవడం. నా చెమట చొక్కా దాటింది. మా ఆవిడ అరిసెల డబ్బా మూత అదేపనిగా తీస్తూ పెడుతూ ఉంది. నాయనమ్మ నోట్లోని ఆకు ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుంది.

"ఆ, గదా? గది మా అత్త చెప్పిన ముచ్చట. ఆమెకు వాళ్ళత్త చెప్పింది. ఏడు తరాల సంది మా ఇంట్ల నడుస్తనే ఉంది" అంది. అని ఊరుకుంటే నేను ఆమె మనవణ్ణి ఎట్లా అవుతాను? కొంచెం ఆగి, గొంతు తగ్గించి, "ఇంగో మాట గూడ ఉంది బిడ్డా. గట్ల అల్లుని పానం పోతె, ఆడపిల్ల తండ్రి ఒక పొట్టేలును అల్లుని ఇంటికి తోలాలె. లేకుంటె దోషం. శ్రావణం గదా, తొందరేం లేదు, దసరాకు పంపు" అంది. మామయ్య గంభీరంగా తలూపాడు. దసరాకు పొట్టేలు వచ్చింది. (కోడిపుంజు. అయినా కొమ్ములొక్కటే తక్కువ.) ఆయన బస్సెక్కాక ఆమె నా చెవి పట్టుకుని మెలేసింది. కోతలు కోసినందుకు మాత్రం కాదు, ముందుగా ఆమెకు చెప్పి ఉంచనందుకు.

ఇక ఎదురుచూపు. కొమ్మను పెద్దపెట్టెలో నిలబెట్టి రోజూ నీళ్ళు చిలకరించాం. మిల్లు నుంచి రాగానే నేను ముందు అదే చూసేవాణ్ణి, ఆమె తల ఊపేది, ఇంకా లేదని. వారాలు గడిచినకొద్దీ ఆమె పెట్టె దగ్గరికి వెళ్ళడం తగ్గించింది. నేను అడగడం కూడా మానేశాను. వినాయక చవితి దగ్గరపడ్డ రోజుల్లో, ముసురు పట్టిన ఒక పొద్దున నాయనమ్మ అరుపు వినిపించింది. "పిల్లా, నీ కట్టెకు చీమలు పట్టినయే" అంటూ ఆమె కిరసనాయిలు సీసా మూత తీస్తోంది. మా ఆవిడ చేతిలోని పిండి గిన్నె ఎక్కడ పడేసిందో తెలియదు, ఒక్క గెంతులో వెళ్ళి ఆ సీసా పట్టుకుంది. అవి చీమలు కావు. గూడులోంచి సన్నటి పోగులకు వేలాడుతూ, ఒకదాని తర్వాత ఒకటి జారుతూ, చీమంత గొల్లభామలు. కిందికి దిగిన ప్రతిదీ వణుకుతూ లేచి నిలబడి, ముందుకాళ్ళు మడిచి, మెడ తిప్పి మమ్మల్ని చూస్తోంది. నాయనమ్మ వాటివైపు కాసేపు చూసి, "గింతంత ఉన్నయి గాని, దండం మాత్రం తప్పుతలేవు" అని కిరసనాయిలు తీసుకెళ్ళి దాచేసింది.

మా ఆవిడ పెట్టె ముందు మోకాళ్ళమీద కూర్చుని ఉంది. చేతులనిండా పిండి. కళ్ళు తుడుచుకుంటే ముఖమంతా పిండైంది. నేను పక్కన కూర్చున్నాను, ఈసారి కాళ్ళు పైకి ముడుచుకోకుండానే.

"మీరు ఆ కోత కోయకుండా ఉంటే ఇవి ఇంకా ముందే, ఇక్కడే పుట్టేవండీ" అంది.

నేను పెట్టె అంచున పాకుతున్న పిల్లలను లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"కానీ ఆ నెలంతా మిమ్మల్ని చూసుండేదాన్ని కాదు" అని, పిండి చేతితోనే నా చెయ్యి పట్టుకుంది.

ఒకచోట ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయని, కొన్నింటిని ఉంచుకుని మిగతావన్నీ వీధిలోని జామచెట్లకూ, కరివేపాకులకూ, మిల్లు వెనక పొదలకూ పంచిపెట్టాం. ఆమె గొల్లభామల వంశం మా ఇంట్లో ఆ తర్వాత చాలా ఏళ్ళు నడిచింది. నాయనమ్మ పోయిన తర్వాత కూడా నడిచింది. మేము సూర్యాపేట మారాక ఒక చలికాలంలో ఏ కొమ్మకూ గూడు కనబడలేదు. ఆమె ఆ పెట్టెను కడిగి, ఎండబెట్టి, అందులో ఉల్లిగడ్డలు పోసింది. నేను దాని గురించి ఏ కోతా కోయలేదు.

మొన్న తొలకరి పడ్డాక మేడమీద ఆమె నన్ను కేకేసింది. మల్లెకుండీ అంచున ఒక పచ్చటి గొల్లభామ. ఎక్కడిదో, ఎవరి తరమో. మోకాళ్ళ నొప్పులకు ఆమె వంగలేక, నన్ను అందుకోమంది. వేలు చాపితే ఎక్కింది. ఈమధ్య వయసు మీదపడి నా చెయ్యి కుదురుగా ఉండదు. గాలికి ఊగే కొమ్మ అనుకుందేమో, నా వేలితోపాటే అది కూడా అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. మా ఆవిడ దాన్ని చూసింది, నా చేతిని చూసింది, కాసేపు ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. "ఏమండీ, ఇంకా భయమేనా దీన్ని చూస్తే?" అని అడిగింది.

అవును, చచ్చేంత భయం అన్నాను.